చింతగింజా అని పిలిచేవాళ్లు

అక్కా,

ఈరోజు నీ సంవత్సరీకం. నీ కూతుర్ని తొందరగా తీసుకొద్దామని బడికి వెళ్లాను. పిల్లలందరూ లాప్‌టాప్‌లో పాఠం తెరిచి, దాని వెనకాల చాటింగ్ కబుర్లు నడుపుతున్నారు. టీచరు దగ్గరికొస్తే పాఠం ముందుకొస్తుంది.

నీ కూతురి తెర చూశాను. మొహం కనిపించని ఎవరో దాన్ని "చింతగింజా" అంటున్నారు. అలా పిలిచింది నువ్వొక్కదానివే. దాన్ని పక్కకు పిలిచి అడిగాను.

"ఆ పేరు వాళ్లకెవరు చెప్పినారే?"

"నేనే చిన్నమ్మా. అమ్మ మాదిరి పిలవమని అడిగినాను. శనివారం తిరుత్తణి బస్టాండుకు రమ్మన్నారు."

టీచరుకు చెప్పాను. శనివారం దాన్ని గడప దాటనివ్వను. కానీ సాయంత్రం అన్నానికి నేను ఆ పేరుతో పిలిస్తే, అది చూసింది నా వైపు కాదు, మూసిపెట్టిన లాప్‌టాప్ వైపు.