ఇరవై ఆరో వారం

నా మేడమ్‌గారికి,

నువ్వు ఫోను ఎత్తడం లేదు. ఒకందుకు అదే మంచిదయింది. ఎత్తితే మళ్ళీ "తిన్నావా, పడుకున్నావా" అని అడిగి పెట్టేసేవాణ్ణి. అసలు మాట గొంతు దాటేది కాదు. అందుకే రాస్తున్నాను. నా చేతిరాత మీ స్కూలు పిల్లల రాతకంటే అధ్వానం అనుకుంటావు. అనుకో.

నువ్వు మీ అక్కయ్య ఇంటికి వెళ్ళి నెలన్నర అయింది. ఎడమ వైపు తిరిగి పడుకోవడానికని నీకు కొన్న పొడుగు దిండు ఇంకా మంచం మధ్యలోనే ఉంది. తీయడానికి చేయి రావడం లేదు. సరిహద్దు గీసినట్టు దానికి ఇవతలే పడుకుంటున్నాను.

పాప పుట్టడానికి తొమ్మిది రోజుల ముందు, మంగళవారం నాటి సంగతి చెప్పాలి. ఆ రోజు నేను ఒక పెద్ద ఆఫీసు భవనంలో రిపేరుకని లిఫ్టు గోతిలో దిగి ఉన్నాను. ఆ లిఫ్టు ఐదో అంతస్తుకి నాలుగంగుళాలు కిందే ఆగుతోంది. ఎంత సరిచేసినా మళ్ళీ అంతే. చేతులనిండా గ్రీజు. ఫోను మోగింది. నువ్వు చెకప్‌కి వెళ్ళే క్లినిక్ నుంచి నర్సు. నువ్వు క్లాసులో ఉన్నావేమో, నీ ఫోను కలవలేదట.

"మీ ఆవిడ మూత్రం పరీక్ష రిపోర్టు వచ్చిందండీ. ఇన్‌ఫెక్షన్ ఉంది. మంట, జ్వరం ఏమీ లేవు కదా అని వదిలేయకూడదు. ఒక్కోసారి వీటివల్లే నొప్పులు ముందుగా వచ్చేస్తాయి. రేపటికల్లా వచ్చి మందులు తీసుకెళ్ళమనండి. కోర్సు మొత్తం వాడాలి, మధ్యలో ఆపకూడదు."

"అలాగేనమ్మా, చెప్తాను" అన్నాను.

చెప్పలేదు. కావాలని దాచింది కాదు. ఆ నాలుగంగుళాలే బుర్రనిండా ఉన్నాయి. సాయంత్రం ఇంటికొస్తే నువ్వు కాళ్ళు ఎత్తుగా పెట్టుకుని, "తంతోంది, తొందరగా రా" అని నా చేయి లాగి పొట్ట మీద పెట్టుకున్నావు. తన్నింది. ఇద్దరం నవ్వాం. అప్పుడూ గుర్తు రాలేదు. తొమ్మిది రోజులు, ఒక్కసారి కూడా రాలేదు.

తర్వాతి వారం గురువారం నాడు నొప్పులొచ్చి, ఆసుపత్రిలో నిన్ను స్ట్రెచరు మీద పడుకోబెట్టాక డాక్టరమ్మ అడిగింది, "ఈమధ్య ఇన్‌ఫెక్షన్ ఏదైనా వచ్చిందా?" అని. నువ్వు పళ్ళు బిగపట్టి కళ్ళు మూసుకుని ఉన్నావు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. గుర్తొచ్చి కూడా "లేదండీ" అన్నాను. మరిచిపోవడం ఒక తప్పు. ఇది ఇంకొకటి. దీనికి పేరేమిటో నాకు తెలియదు.

పుట్టినప్పుడు పాప ఎనిమిది వందల ఇరవై గ్రాములు. నేను వాడే పెద్ద స్పానరు అంతకంటే బరువు. పసిపిల్లల వార్డు నర్సే కదా "చిటికెడు" అని పిలవడం మొదలుపెట్టింది! మనమూ అదే పేరుతో పిలిచాం, వేరే పేరు పెట్టేంత టైము మనకి దొరకలేదు. ఆరో రోజున చొక్కా విప్పి కూర్చోమని పాపని నా గుండె మీద పెట్టారు. "మీ వంటి వెచ్చదనం తగిలితే ఊపిరి కుదురుగా తీసుకుంటుందండీ" అన్నారు. నువ్వు పాలు పిండడానికి పక్క గదికి వెళ్ళావు. ఆ గంటసేపూ చిటికెడుకి ఇదంతా చెప్పాను. నీకంటే ముందు దానికి చెప్పుకున్నాను. వింటున్నట్టే వేళ్ళు కదిలించింది.

పదకొండో రోజు పొద్దున ఊపిరి మిషను చప్పుడు మారింది. చప్పుడు మారిందంటే లోపల ఏదో పోయిందని అర్థం. నా పనిలో నేను నేర్చుకున్నది అదొక్కటే. నర్సు పరిగెత్తుకు రాకముందే నాకు తెలిసిపోయింది.

నిన్ను రమ్మని అడగడానికి రాయడం లేదు. అడిగే ముఖం లేదు. నీ ఒంట్లోనే ఏదో లోపం ఉందని నువ్వు మీ అక్కయ్యతో అన్నావట. నీలో ఏ లోపమూ లేదు. చెప్పాల్సిన మాట చెప్పనిది నేను.

ఇట్లు,
మెకానిక్

* * *

ప్రియమైన మెకానిక్‌కి,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివాను. ఆ తర్వాతి పీరియడుకి వెళ్ళలేదు.

ఆ ఫోను సంగతి నాకు తెలుసు. బుధవారం నాకూ చేశారు. "నిన్న మీవారికి చెప్పామమ్మా, ఇంకా రాలేదేం?" అంది ఆ నర్సే. ఆ సాయంత్రమే వెళ్ళి మందులు తెచ్చుకున్నాను. కోర్సు మొత్తం వాడాను, ఒక్క మాత్ర మానలేదు. నీకెందుకు చెప్పలేదంటావా? కోపం. ఇంత ముఖ్యమైన మాట ఎలా మరిచిపోతాడు, ఎప్పటికి గుర్తొస్తుందో చూద్దాం అని పంతం పట్టాను. తర్వాత తీరిగ్గా నిన్ను ఆట పట్టించి, జన్మంతా దెప్పిపొడవచ్చని కూడా అనుకున్నాను. నువ్వు ఆసుపత్రిలో ఫారాలు నింపడానికి వెళ్ళినప్పుడు డాక్టరుకి మందుల విషయం నేనే చెప్పాను. మళ్ళీ పరీక్ష చేశారు. ఇన్‌ఫెక్షన్ లేదు. చిటికెడు ముందుగా వచ్చింది దానివల్ల అనుకోవడం లేదని ఆవిడ అప్పుడే అన్నారు.

ఇక నా సంగతి.

గురువారం పొద్దున తొమ్మిదింటికే నడుము కింద లాగడం మొదలైంది. వచ్చేది, పోయేది, మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడల్లా పొట్ట రాయిలా బిగిసేది. ఏదో కిందికి జారుతున్నట్టు బరువు. కాసేపటికి బట్ట తడిసింది. ఇవన్నీ క్లినిక్‌లో ఇచ్చిన కాగితంలో ఉన్నాయి. ముప్ఫై ఏడు వారాలు నిండకముందు వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగకుండా రమ్మని దాని మీద పెద్దక్షరాలతో ఉంది. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించింది నేనే. అయినా వెళ్ళలేదు. ఆ రోజు పరీక్ష, నలభై మంది పిల్లలు, హాల్లో నేనొక్కదాన్నే. గోడ గడియారం చూసి లెక్కపెట్టాను కూడా. ముందు పన్నెండు నిమిషాలకొకటి, తర్వాత ఎనిమిది. మధ్యాహ్నం రెండింటి దాకా అలాగే నిలబడ్డాను. హెడ్మాస్టరు ఏమంటారో అన్నది ఒక సాకు. పైకి అంటే నిజమైపోతుందేమోనని భయం. ఇరవై ఆరో వారంలో ఎవరికైనా నొప్పులొస్తాయా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"ఎప్పటినుంచమ్మా?" అని డాక్టరు అడిగితే "ఇప్పుడే, గంటయింది" అన్నాను. నువ్వు ఒక అబద్ధమాడావు, నేనొకటి ఆడాను. ఒకే గదిలో, ఒకే మనిషితో.

పాప ఊపిరితిత్తులు గట్టిపడటానికి నాకు ఇంజెక్షను ఇచ్చారు గుర్తుందా? అది రెండుసార్లు ఇవ్వాలట, రోజు తేడాతో. మనకి ఒకటే పడింది. అది పని చేసేలోపే, మూడు గంటల్లో, చిటికెడు వచ్చేసింది. పోయిన వారం ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళి నిజం చెప్పి అడిగాను, "పొద్దున్నే వచ్చుంటే?" అని. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నొప్పులు ఆపగలిగేవాళ్ళమో లేదో చెప్పలేనమ్మా. చాలామందికి కారణమే దొరకదు. కానీ కొన్ని గంటలు దొరికేవి. ఆ గంటల్లో ఇంజెక్షను కాస్త పని చేసేది. బతికేదా అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు."

అవుననలేదు, కాదనలేదు. అవునంటే ఏడ్చేదాన్ని, కాదంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఇప్పుడు రెండూ లేవు. ఇంకోసారి గర్భం అంటే కనీసం ఏడాదిన్నర ఆగమన్నారు. ఒకసారి ఇలా అయినవాళ్ళకి మళ్ళీ అయ్యే అవకాశం ఎక్కువట. అందుకని నాలుగో నెల నుంచే గర్భసంచి ముఖద్వారం పొడవు కొలుస్తుంటారట. పొట్టిగా ఉంటే మందో, కుట్టో వేస్తారట. తలూపి వచ్చేశాను. "ఇంకోసారి" అన్న మాట ఎవరికో చెబుతున్నట్టుంది.

అన్నిటికంటే చెప్పడానికి సిగ్గుపడేది ఇది. నువ్వు ఆ రోజు "లేదండీ" అన్నప్పుడు నీ గొంతు వణికింది. కళ్ళు మూసుకున్నాను గానీ చెవులు మూసుకోలేదుగా. నువ్వు దేనికి కుమిలిపోతున్నావో అప్పటినుంచీ నాకు తెలుసు. "మందులు నేను వాడానులే" అని ఒక్క మాట అంటే నీ గుండెల మీద బరువు దిగిపోయేది. ఐదు నెలలు ఆ మాట అనలేదు. తప్పు నీదనుకుని నువ్వు తలవంచుకుని తిరుగుతున్నంతసేపూ నా ఐదు గంటల గురించి ఎవరూ అడగరు కదా. నువ్వు కంచం ముందు కూర్చుని తినకుండా లేచిపోతే, చూసి నాకు కాస్త తేలికగా ఉండేది. ఆ తేలికకి నా మీద నాకే రోత పుట్టి ఇల్లు వదిలాను. నీ మీద కోపంతో కాదు.

మొన్న సోమవారం మా సైన్సు మేడమ్, ఏడో నెల నిండుతోంది, బల్ల అంచు పట్టుకుని వంగిపోయింది. "గ్యాసేలే, ఈ క్లాసయ్యాక చూసుకుంటా" అంది. ఆమె చేతిలోని హాజరు పట్టీ లాక్కుని, ఆసుపత్రికని కారెక్కించాను. హెడ్మాస్టరు వెంటపడి "క్లాసెవరు చూస్తారమ్మా?" అన్నారు. "మీరు చూడండి" అన్నాను. ఆమెకి రెండు ఇంజెక్షన్లూ పడ్డాయి. నొప్పులు తగ్గాయి. బిడ్డ ఇవాళ్టికీ కడుపులోనే ఉంది. వాళ్ళాయన నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. స్కూలంతా నన్ను మెచ్చుకుంటోంది. నాకు సంతోషం వేయలేదు. ఈర్ష్య వేసింది. ఆ వార్డులో, ఆ మంచం పక్కన నిలబడి, ఆ బిడ్డ మీద ఈర్ష్యపడ్డాను. ఈ మాట ఇంకెవరితో అనగలను?

నేను ఇప్పుడు రాను. వస్తే నువ్వు నన్ను క్షమిస్తావు. అడగకముందే క్షమిస్తావు, నాకు తెలుసు. దాన్ని తట్టుకునే ఓపిక ఇంకా రాలేదు, వస్తుందో లేదో కూడా తెలియదు. చిటికెడు పోయింది మాత్రం నీ వల్ల కాదు. ఆ మాట రోజుకొకసారి పైకి చదువుకో. నా గురించి మాత్రం ఆ మాట రాసి పంపకు. చింపేస్తాను.

ఇంకా నీ భార్యనే,
నేను