సొన్నప్ప రాయి

6 ఆగస్టు 2012, సోమవారం

ఇవాళ ఒక అబద్ధం చెప్పి వచ్చాను. అబద్ధాలు నాకు కొత్త కాదు. మారికుప్పం రైల్లో టికెట్ల స్క్వాడ్ వస్తోందని చెప్పి సగం బోగీ ఖాళీ చేయించి, కాళ్ళు చాపుకుని పడుకున్నవాణ్ణి. ఇది ఆ రకం కాదు.

సుగటూరు దగ్గర మా ఊరి రాగి చేలన్నీ ఇప్పుడు ద్రాక్షతోటలు. వైన్ కంపెనీ వాళ్ళు బచ్చప్ప చేను కూడా కొన్నారు. మొక్కలకు గుంతలు తీసే జేసీబీ పొద్దున సొన్నప్ప రాయి దాకా వచ్చింది. రాయికి వీపు ఆనించి పిల్లమ్మ వదిన కూర్చుని ఉంది. మేనేజరు బెంగళూరు మనిషి. కన్నడంలో, ఇంగ్లీషులో, చివరికి చేతులతో బతిమాలుతున్నాడు.

సొన్నప్ప ఆమె మొగుడు. బచ్చప్పకు అన్న. బంగారు గనిలో నాకు జోడీ. ఎనభై ఆరులో లోపల రాయి పగిలి పైకప్పు కూలింది. ఆ లెవెల్‌ను, అంటే ఆ అంతస్తు సొరంగాన్ని, అట్లాగే మూసేశారు. మనిషి పైకి రాలేదు. పెద్దల అమావాస్యకు ముద్ద పెట్టడానికి ఏదో ఒకటి కావాలని వదిన ఏడిస్తే, బండ ఒకటి తెచ్చి నేనే ఉలి పట్టి సొన్నప్పను చెక్కాను. భుజాన డ్రిల్లు, నెత్తిన ల్యాంపు, పక్కన రాళ్ళు తోసే నాలుగు చక్రాల టబ్బు. నేను శిల్పిని కాను. డ్రిల్లు ఈటెలాగా వచ్చింది. టబ్బు ఏదో జంతువులాగా వచ్చింది.

మేనేజరుతో అన్నాను, ఇది వీరగల్లు సార్, ఏడు వందల ఏండ్లది, పులిని పొడిచి తానూ చచ్చిన వీరుడు, పైన ఉండేది సూర్యుడు, పెరికితే గవర్నమెంటోళ్ళు వస్తారు అని. జేసీబీ వెనక్కి తిరిగింది. ఊరంతా అక్కడే ఉంది. అందరికీ నిజం తెలుసు. ఒక్కరూ నోరు తెరవలేదు. నా అబద్ధానికి ఇంతమంది తోడు రావడం ఇదే మొదలు.

పులి యాడిదప్పా అని వదిన గొణిగింది. ఊరుకో వదినా అన్నాను.

19 ఆగస్టు, ఆదివారం

కంపెనీ వాళ్ళు రాయి పక్కన బోర్డు పెట్టారు. దాని మీద పులి బొమ్మ. నన్ను గైడ్‌ను చేశారు. గని మూతపడిన పదకొండేళ్ళకు మళ్ళీ ఒంటి మీద యూనిఫారం.

శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి కార్లు వస్తాయి. వాళ్ళకు గుండ్ల కొండ చూపిస్తాను. రాతి కూసాల మీద అల్లిన పందిళ్ళు చూపిస్తాను. మా తాతలకు రాగి, ఉలవ, వాన తప్ప వేరే దిక్కు లేదని, బోర్లు పడ్డాక నల్లద్రాక్ష వచ్చిందని, ఇప్పుడు వెయ్యి అడుగులకు కూడా నీళ్ళు లేవని, పండిన దాంట్లో చిలకల వాటా చిలకలకే అని చెప్తాను. ఇదంతా నిజం. ఒక్కరూ ఫోటో తియ్యరు. పులి దగ్గరికి రాగానే ఫోన్లు లేస్తాయి.

26 ఆగస్టు

పులిని ఇవాళ ఇంకో రెండడుగులు పొడిగించాను.

16 సెప్టెంబరు

రాయి చుట్టూ గొలుసు కట్టారు. తాకరాదు. నూనె పోయరాదు. పసుపు, కుంకుమ పెట్టరాదు. గేటు దాటాలంటే టికెట్.

వదినను గేటు దగ్గర వాచ్‌మన్ మునియప్ప ఆపాడట. పైనుంచి ఆర్డరక్కా అని తల దించుకున్నాడట. ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది. రాయిని నిలబెట్టప్పా అంటే నా మొగుణ్ణి ఎత్తి ఆ పులికి ఇచ్చేస్తివి గదా అంది. ఇరవై ఆరేండ్లు పెద్దల అమావాస్యకు ముద్ద పెట్టినాను, ఈ యేడు యాడ పెట్టేది చెప్పు అని అడిగింది.

టికెట్ నేను కొనిస్తా వదినా, వైన్ కూడా పోస్తారు అన్నాను. ఆమె నవ్వలేదు. నీ నోట్లో మన్ను పడ అని మా ఆవిడ తాయమ్మ లోపలి నుంచి అంది.

అమావాస్య అక్టోబరు పదిహేను. ఇంకో నెల.

28 సెప్టెంబరు, శుక్రవారం

మేనేజరు దగ్గరికి పోయాను. ముందు, ఆ ఒక్కరోజు ముసలామెను ముద్ద పెట్టుకోనివ్వండి అని అడిగాను. ఒక్కరికి ఒప్పుకుంటే ఊరంతా కొబ్బరికాయలు తెస్తుంది, హెరిటేజ్ పాడవుతుంది అన్నాడు.

అప్పుడు నిజం చెప్పేశాను. ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నీ సంగతి అందరూ చెప్పారు మునిశామప్పా అన్నాడు. నవ్వు ఆపి, నిజంగా నువ్వు చెక్కిందే అయితే చెప్పు, రేపే జేసీబీ పంపిస్తాను, రెండు వరసల మొక్కలు పడతాయి అక్కడ అన్నాడు.

నేను కూడా నవ్వాను. జోక్ సార్ అన్నాను.

3 అక్టోబరు

కొమ్మలు కత్తిరిస్తున్నారు. తోటంతా మోడు. నాకూ ఒళ్ళు లేవడం లేదు. పులి అనే మాటకు నోరు ఎండుతోంది.

14 అక్టోబరు, ఆదివారం

పదకొండు గంటల బ్యాచ్‌లో వదిన ఉంది. పట్టుచీర కట్టింది. ఒక చేతిలో టికెట్, ఇంకో చేతిలో టిఫిన్ క్యారియర్. సోమవారం తోటకు సెలవు కాబట్టి ఒకరోజు ముందే వచ్చింది.

నేను పులి కథ మొదలుపెట్టాను. ఇంకేం చెయ్యను. ఆమె చివరిదాకా విన్నది. తర్వాత, పులి యాడిది నాయనలారా, ఆయప్ప కుక్క మొరిగితే నా యెనకాల దూరేటోడు అంది. అందరూ నవ్వారు. అది డ్రిల్లు, ఇది టబ్బు, నెత్తిన ఉండాది ల్యాంపు, ఇంగ చెక్కినోడు ఈయప్పే, అడగండి అని నన్ను చూపించింది.

అప్పుడు ఎవరూ నవ్వలేదు. నిజమేనా అని ఒకావిడ అడిగింది. వెనకాల మేనేజరు చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు.

ఔనంటే రాయి పోతుంది. పాపం, మొగుడు గనిలో పోయినప్పటి నుంచి ఏ రాయి చూసినా మొగుడే అంటుంది మేడమ్ అన్నాను.

వాళ్ళు అయ్యో అన్నారు. మునియప్ప వచ్చి ఆమెను చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకుపోయాడు. క్యారియర్ మూత తియ్యనే లేదు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

మూడు గంటల బ్యాచ్‌కు కూడా పులి కథే చెప్పాను.

15 అక్టోబరు, సోమవారం, అమావాస్య

మధ్యాహ్నం వదిన వచ్చింది. మా వసారాలో విస్తరాకు వేసింది. కూర్చో అంది. కూర్చున్నాను. రాగిముద్ద, ఎండుచేపల పులుసు, ఉడికించిన గుడ్డు, బీడీ కట్ట పెట్టింది. నా ముందర కర్పూరం వెలిగించి దండం పెట్టింది. తాయమ్మ వాకిట్లోనే నిలబడిపోయింది.

తిను మామా అంది. ఆ మాట నాతో కాదు.

తిన్నాను.