ఐదింటికి మూసే పెట్టెలు

కాన్‌బెర్రా,
డిసెంబర్ 3

ప్రియమైన డెస్మండ్,

పదహారేళ్ళ అలవాటు కొద్దీ ఆ మొదటి మాట రాసేశాను. కొట్టేద్దామా అని కాసేపు ఆలోచించి వదిలేశాను. దాన్ని మర్యాద కింద తీసుకో. నీ నంబరు నా ఫోన్లో ఆపేశాను కనక ఇక ఉత్తరమే గతి.

నువ్వు వెళ్ళి పదకొండు రోజులైంది. బట్టలు, సైకిలు, పాటల రికార్డులు అన్నీ తీసుకెళ్ళావు. మీ అమ్మను మర్చిపోయావు. నిజంగా మర్చిపోయావా, వదిలేశావా అన్నది ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ఆవిడ నా ఇంట్లో వెనక గదిలో ఉంటూ, నేను వండింది తింటూ, "మావాడు ఊరికే పోలేదు. నవ్వడం రానివాళ్ళతో ఎన్నాళ్ళుంటాడు?" అని పక్కింటి లెటీషియాకి కంచె మీదుగా చెబుతోంది. వచ్చే శనివారంలోగా వచ్చి తీసుకెళ్ళు.

గంజాయి మొక్కల సంగతి నువ్వు గుర్తుచెయ్యనక్కర్లేదు. ఇక్కడ మనిషికి రెండు మొక్కలు పెంచుకోవచ్చు. రాష్ట్ర సరిహద్దు దాటి పావుగంట దూరంలో, నువ్వు కాపురం పెట్టిన క్వీన్‌బియన్‌లో, అవే నేరం. ఆవిడ నడుము నరాల నొప్పికి మాత్రలు పనిచెయ్యడం మానేశాయి, ఆ పూత వేసి కాచిన వెన్న ఒక్కటే నిద్రపుచ్చుతోంది. ఇవన్నీ తెలిసే గింజలు తెచ్చి నాటింది నువ్వు. నాటిన తొమ్మిదో రోజున బట్టలు సర్దుకున్నదీ నువ్వే.

నాకిప్పుడు కొత్త చాకిరీ. ఆవిడ పెరటి మెట్లు దిగలేదు కనక, రోజూ సాయంత్రం ఐదింటికల్లా నేనొచ్చి రెండు కుండీల మీదా అట్టపెట్టెలు బోర్లించాలి, పొద్దున ఎనిమిదింటికి తియ్యాలి. పగలు తగ్గిందని నమ్మిస్తే తప్ప మొక్క పూయదట. "ముప్పై ఏళ్ళు పెంచినదాన్ని. ఏమ్మా ప్రొఫెసరమ్మా, మీ పుస్తకాల్లో రాయలేదా ఇది?" అంది. ఎనిమిదిదాకా పొద్దు కుంకని ఈ డిసెంబరు వేసవిలో మొక్కల్ని నిద్రపుచ్చడానికి, రాస్తున్న వాక్యం సగంలో వదిలేసి యూనివర్సిటీ నుంచి పరుగెత్తుకొస్తున్నాను.

శనివారం. మర్చిపోకు.

హెస్టర్

*

డిసెంబర్ 29

డెస్మండ్,

"కోతయ్యేదాకా అమ్మను కదపొద్దు, తట్టుకోలేదు" అని రాశావు. ఎంత సున్నితమైన మనసు. నన్ను కుదిపేసి వెళ్ళేటప్పుడు ఈ ఆలోచన రాలేదు.

నీకు చెప్పకూడదనుకున్న మాట ఒకటి చెబుతాను, నా మీద జాలి కోసం కాదు. నువ్వు వెళ్ళిన మొదటి వారం రోజులూ నేను ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదేమో. ఆఫీసు కుర్చీలోంచి లేవలేకపోయేదాన్ని. ఊడ్చేవాళ్ళొచ్చి దీపాలార్పేదాకా కూర్చునేదాన్ని. ఇంటికి ఎందుకెళ్ళాలో ఒక్క కారణం కూడా దొరికేది కాదు. వచ్చాక వంటింట్లో నిలబడి నాలుగు బిస్కెట్లు తిని పడుకునేదాన్ని. మీ అమ్మ తలుపు సందులోంచి చూసి ఏమీ అనేది కాదు. అనని రోజులంటూ ఆవిడకు ఉన్నవి అవే.

అసలు విషయం. క్రిస్మస్ నాడు లెటీషియా రొయ్యల పళ్ళెంతో వచ్చి, పెట్టెలు బోర్లిస్తున్న నన్ను చూసి నవ్వింది.

"ఇవి ఆటోఫ్లవర్ రకం కదా, హెస్టర్. పగటితో వీటికేం పని? వయసొస్తే వాటంతటవే పూస్తాయి. ఎండ తగలకుండా కడుపు మాడుస్తున్నావ్."

వంగి చూస్తే నిజమే, మోకాలంత ఎత్తు కూడా లేని మొక్కలకు అప్పుడే పూత కనిపిస్తోంది. షెడ్డులో నీ సొరుగు వెతికితే గింజల పొట్లం దొరికింది. దాని మీద అదే రాసుంది. మీ అమ్మను అడిగితే, "నిన్నగాక మొన్న మొదలెట్టినవాళ్ళు నాకు చెప్పొచ్చారా. మూసెయ్, ఐదైంది" అంది. నేను పెట్టెలు చించి చెత్తబుట్టలో పారేశాను. నాలుగు రోజులుగా మాటల్లేవు.

పొట్లం మీద ఉన్నది ఆవిడకు చెప్పావా లేదా? ఈ ఒక్క ప్రశ్నకైనా సూటిగా జవాబివ్వు.

హెస్టర్

*

ఫిబ్రవరి 2

డెస్మండ్,

"నాటిన రోజే అమ్మకు చెప్పాను" అని రాశావు. నీ మాట నమ్మడం అలవాటు తప్పింది కనక ఆవిడనే అడుగుదామనుకున్నాను.

నిన్న కోశాం. ఎండాక సీసాలో సగం కూడా రాదు. జూన్‌లో చలికాలం మొదలవకముందే అయిపోతుంది. ఆవిడ కుర్చీలో కూర్చుని కత్తెరతో ఆకులు తీస్తోంది, కూర్చున్న తీరులోనే నొప్పి తెలుస్తోంది.

"మీకు ముందే తెలుసా, మ్యూరియల్?"

"చెవులు బానే వినబడతాయి నాకు. చెప్పాడు."

"మరి పెట్టెలెందుకు మూయించారు?"

"చీకటి పడ్డాక వచ్చి గుర్రంలా నిలబడి బిస్కెట్లు నమిలేదానివి. ఇంటికి రమ్మంటే వచ్చేదానివా నువ్వు? పని చెబితే వస్తావు, తిట్టుకుంటూ అయినా."

"మీ మందే కదా పోయింది."

"నువ్వు మంచాన పడితే నాకు అన్నం పెట్టేదెవరు, మావాడా? ఎక్కువ ఊహించుకోకు. ఆ కొమ్మ ఇటివ్వు."

రాత్రంతా దీన్ని మనసులో తిరగేశాను. ఓడిపోవడం తెలియని మనిషి, తన తప్పును ఉపకారంగా మార్చి చెప్పి ఉండొచ్చు. రెండు నెలల పైబడిన వెటకారం తర్వాత ఆవిడలో మంచితనం వెతుక్కోవడం నా బలహీనతే కావచ్చు. కానీ పెట్టెలు మొదలైన రోజు నుంచి నేను ఐదింటికి ఇంట్లో ఉన్నాను, ఆకలేసి తిన్నాను, ఎవరితోనో ఒకరితో పోట్లాడాను. ఆవిడ ఉద్దేశం ఏమైనా, జరిగింది ఇది. ఇన్నాళ్ళలో నేనెలా ఉన్నానని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు.

పొద్దున నా వంతు రెండు మొక్కలకు గింజలు నాటాను. "జానెడు లోతున పాతావు, అవేం మొలుస్తాయి" అని అప్పుడే మొదలుపెట్టింది. నేనూ తగ్గలేదు. లెటీషియా కంచె అవతల్నుంచి వింటూనే ఉంది.

శనివారం వచ్చి తీసుకెళ్తానన్నావు, మీ అమ్మ కోసం రావొద్దు. ఆవిడ రాదు, నేను పంపను. చూడాలనుంటే ఏ ఆదివారమైనా రా, తలుపు కొట్టి రా. ఆవిడ కోసం కొత్త మంచం కొన్నానని రాశావు. దాని మీద నువ్వే పడుకో.

హెస్టర్