పడకముందు సంగతి

మార్చి 9

బట్టల బకెట్టుతో మేడమెట్ల మీంచి పడి ఇవాళ్టికి ఆరు రోజులు. మోచేతి గీరుడు మానింది. ఎడమకాలు, మోకాలి కింద ముందు ఎముక, మానలేదు. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన నన్ను అడుగుతాడు, అమ్మ జవాబు చెబుతుంది. నొప్పి నాది, నోరు ఆవిడది. ఏ మెట్టు మీద కాలు జారిందో, బకెట్టు ఎన్ని ముక్కలైందో కూడా చెప్పింది. పడకముందు ఎప్పుడైనా నొప్పి ఉండేదా అని ఆయన అడిగినప్పుడు మాత్రం నావైపు చూసింది. లేదన్నాను.

ఎక్స్‌రే క్లీన్. కండ దెబ్బతిందట. వారానికి మాత్రలు.

ఫైర్ సర్వీసు సెలక్షన్ పరుగు మే 12న. పదహారు వందల మీటర్లు, ఎనిమిది నిమిషాలు. రాతపరీక్ష గట్టెక్కాను. ఇంతవరకు నా డిగ్రీకి దొరికిన పని, ట్యూషన్ పిల్లల ముక్కులు తుడవడం.

మార్చి 16

మాత్రలు అయిపోయాయి. నొప్పి అయిపోలేదు.

మార్చి 21

బాబాయి వచ్చాడు. ఎక్స్‌రే ఫిల్ము తలకిందులుగా కిటికీకి ఎత్తిపట్టి ఐదు నిమిషాలు చూశాడు. ఎముక నిక్షేపంలా ఉందమ్మా, ఎక్స్‌రేకి దొరకనివి రెండే, దెయ్యమూ బద్ధకమూ అన్నాడు. నాన్న పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. అదే మండిపోతోంది.

అమ్మ కాపడం పెడుతూ, పోనీ వచ్చే ఏడు చూసుకోరాదూ అంది. వచ్చే ఏటికి నాకు వయసు దాటిపోతుందని వందసార్లు చెప్పాను.

మార్చి 27, ఉదయం 6.30

పాల ప్యాకెట్టుకని చెప్పి గ్రౌండుకి వెళ్లాను. ఒకటిన్నర రౌండు. ఎముకలోకి ఎవరో మేకు దించుతున్నట్టుంది. గోడ పట్టుకుని ఇంటికొచ్చాను. పాలేవే అని అమ్మ అడిగేదాకా గుర్తే లేదు.

ఏప్రిల్ 2

ఇంకో డాక్టరు. ఈవిడ ఆటలాడేవాళ్ల కాళ్లు చూస్తుందట. అమ్మ మెట్ల కథ ఎత్తుకోగానే, మీరు కాసేపు బయట కూర్చోండమ్మా అంది. అమ్మ ముఖం మాడిపోయింది.

తలుపు మూశాక ఆవిడ ఎముక పొడుగునా ఒక్క వేలితో నొక్కుకుంటూ వచ్చి, ఒకచోట ఆగింది. నాకు ప్రాణం పోయింది. పడ్డ సంగతి వదిలెయ్, పడకముందు సంగతి చెప్పు అంది.

చెప్పాను. నొప్పి ఫిబ్రవరి మొదటివారం నుంచే ఉంది. ఈ డైరీలో కూడా రాయలేదు. రాస్తే నిజమైపోతుందేమోనని. ఆడపిల్లకి నిచ్చెనలెక్కే ఉద్యోగమేమిటని నాన్న సాకు కోసం కాచుకుని ఉన్నాడు. నొప్పి అంటే చాలు, పరుగు బంద్. అందుకే పళ్లు బిగించి రోజూ పరిగెత్తాను. ఆవేళ మెట్ల మీద మడత పడ్డదీ ఆ కాలే. పడ్డందుకు నొప్పి రాలేదు. నొప్పి వల్లే పడ్డాను.

ఏప్రిల్ 4

ఎమ్మారై రిపోర్టు వచ్చింది. ఎముకలో వెంట్రుకంత చీలిక. అదేపనిగా పరిగెత్తితే వస్తుందట, మొదట్లో ఎక్స్‌రేకి కనబడకపోవచ్చట. ఎనిమిది వారాలు పరుగు మాట ఎత్తకూడదు.

ఇవాళ్టి నుంచి మే 12కి ఐదు వారాల మూడు రోజులు. మార్చి 9 నుంచైతే తొమ్మిది వారాలు. ఆవేళ ఆ డాక్టరు అడిగాడు. నేనే లేదన్నాను. పొద్దుటి నుంచి క్యాలెండరు మీద వేలు పెట్టుకుని ఇదే లెక్క.

 ముందే ఎందుకు చెప్పలేదట దొరసాని అని నాన్న అమ్మతో అన్నాడు, నాకు వినబడేట్టు. చెబితే వినేవాళ్లా మీరు అని అడిగింది అమ్మ. నా తరఫున ఆవిడ చెప్పిన జవాబుల్లో నాకు నచ్చింది అదొక్కటే.

ఏప్రిల్ 19

హాల్ టికెట్ వచ్చింది. ఫోటోలో నవ్వుతున్నాను, వెర్రిదానిలా.

మే 6

వాయిదా ఇమ్మని పెట్టుకున్న అర్జీకి జవాబు. గర్భిణులకు తప్ప వాయిదా లేదట. బాబాయి ఈసారి జోకు వెయ్యలేదు. వేస్తే బాగుండేది.

మే 12

ఏడున్నరకి మెలకువొచ్చింది. ఎవరూ లేపలేదు. వీధి చివరిదాకా నడిచాను. తిరిగొచ్చి మళ్లీ నడిచాను, ఈసారి గబగబా.

నొప్పి లేదు. పిసరంత కూడా లేదు.