రెండు సీజన్ల తోట

నంద్యాల

ఆళ్లగడ్డ మామిడి మండీకి మహారాజు, మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు అయిన ఓబులేసు మామకు మేనకోడలు కావ్య దండం పెట్టి రాసేది.

ఫోన్లో మాట్లాడదామంటే కుక్కరు కూస్తుంది, పిల్లలు ఫోను లాక్కుంటారు. అందుకే విత్తనాల కంపెనీలో అన్నం తినే వేళ రాస్తున్నాను. ఏం చదువుతున్నావు, ఏం చూస్తున్నావు అని అడిగావు కదా. లైబ్రరీ నవల ఒకటి స్నానాల గదిలో నాలుగేసి పేజీలు చదువుతున్నా. బయట మా అమ్మాయి శ్రీజ తలుపు బాదుతూనే ఉంటుంది. సాయంత్రం వంట చేస్తూ, ఫోను కందిపప్పు డబ్బాకు ఆనించి, రెండు సీజన్లు పట్టుకున్నా. మొదటిది బ్రహ్మాండం. రెండోది కొంచెం చప్పగా ఉంది. మూడో సీజన్లో దివాను చచ్చిపోతాడట.

నిన్న చారు పొంగింది. అత్తమ్మ చూసింది. "ఇంగొకసారి పొయ్యికాడ ఆ ఫోను కనపడితే బీరువాలో పెట్టి తాళమేస్తా, చూసుకో" అంది. రోజంతటికీ నాదంటూ ఉన్నది ఆ ఒక్క గంటే మామా.

ఇట్లు, పొయ్యి దగ్గరి కావ్య

తా.క.: కవరు గట్టిగా అంటించు. పోయినసారి అత్తమ్మ విప్పి చదివి, అన్నం మెతుకుతో మళ్లీ అంటించింది.

---

ఆళ్లగడ్డ

చారు పొంగించే చిరంజీవి కావ్యకు మామ దీవెనలు.

మామకు ఒక్క మాట చెప్పకుండా రెండు సీజన్లు పట్టుకున్నావా! మీసం మొలవక ముందు నుంచీ తోటలు గుత్తకు పడుతున్నా, నాకే ఒక సీజను పట్టాలంటే చెమటలు పోస్తాయి. రెండోది చప్పగా ఉందంటే ఎవడో కోతకు ముందు నీళ్లు కట్టాడన్నమాట. ఈసారి ముక్క కోయించి, తిని చూసి పట్టు. దివాను ఎవరో నాకు తెలియదు. తోట ఆయనదే అయితే, చచ్చేలోగా కాగితం మీద సంతకం పెట్టించుకో.

ఇట్లు, నిన్ను చూసి కుళ్లుకునే మామ

తా.క.: సాయంత్రం ఆ గంట మాత్రం ఫోను వదలొద్దు. మండీలో రేటు తెగేది అప్పుడే. గంట పోతే తోట పోయినట్టే.

---

నంద్యాల

మామకు కావ్య తల బాదుకుంటూ రాసేది.

సీజనంటే మామిడి సీజను కాదు మామా! ఫోన్లో వచ్చే కథ. అందులో ఒక్కో విడతను సీజనంటారు. దివాను కథలో మనిషి.

కానీ ఇక్కడ వింత జరిగింది. నీ కవరు నా చేతికొచ్చేసరికి మెతుకు ఇంకా తడిగానే ఉంది. ఆ సాయంత్రం ఫోను పప్పు డబ్బాకు ఆనించానో లేదో, అత్తమ్మ పిల్లల మీద గయ్యిమంది. "గమ్మునుండండ్రా! మీయమ్మ యాపారం చేస్తాండాది. శ్రీజా, ఈడికి రా, జడేస్తా." నా చేతిలో గరిటె కూడా లాక్కుంది. వేడి చపాతీ తింటూ చూశాను మామా! అయినా దొంగతనం చేసినట్టుంది. ఈసారి అది కథేనని విడమరిచి రాయి.

ఇట్లు, కావ్య

తా.క.: మా ఆయన ప్రవీణ్‌కు చెబితే, "నువ్వు నోరు మూసుకో, నాక్కూడా వేడి చపాతీ దొరుకుతాంది" అన్నాడు.

---

ఆళ్లగడ్డ

తోటలు పట్టిన తల్లికి మామ ఆశీస్సులు.

కథా? గుత్తదారులందరూ అనే మాటే అది. "తోటా? యాడిదప్పా? అంతా కథ" అని నేనూ మండీలో చెప్పుకుంటా. మంచిది, బయటపడొద్దు. లైబ్రరీ పుస్తకమన్నావే, తోటల పుస్తకమని నాకర్థమైందిలే. అది స్నానాల గదిలో చదివేది కాదు. కుర్చీ వేయించుకుని, కాళ్లు చాపుకుని చదువు.

ఇట్లు, ఓబులేసు

తా.క.: పక్కన గ్లాసుడు మజ్జిగ ఉండాలి. బేరాలాడితే గొంతెండుతుంది.

---

నంద్యాల

కొంప ముంచిన మామకు,

కుర్చీ వచ్చింది. కరివేపాకు వేసిన మజ్జిగా వచ్చింది. వాటి వెనకే ఆపదా వచ్చింది. అత్తమ్మ వీధంతా చాటింది. పక్కింటి లింగమ్మ గంప పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఏమే, మన కాయ యాడ? ఆదివారానికి రాకపోతే ఆ ఫోను సంగతి నేను చూస్తా" అంటోంది అత్తమ్మ. నిజం తెలిస్తే ఫోనూ, లైబ్రరీ కార్డూ రెండూ బీరువాలోకే. మూడో సీజను ఆఖరికొచ్చింది మామా!

ఇట్లు, మునిగిపోతున్న కావ్య

తా.క.: దివాన్ను చంపింది తమ్ముడేనని నా అనుమానం.

---

ఆళ్లగడ్డ

పిచ్చి కావ్యకు తెలివైన మామ రాసేది.

సీజనంటే ఏందో నాకు తెలీదా? కాయలు మాగేసిన గదిలో, గడ్డి మీద పడుకుని ఆ మూడు సీజన్లూ ఎప్పుడో చూశా. నీకు రాసినవేవీ నీకు కాదు, మీ అత్త సరస్వతమ్మ వదినకు. కవర్లు ముందు ఆమె విప్పుతుందని నువ్వే చెప్పావు. పాపం, ఆమెకు కష్టం కాకూడదని జిగురు కూడా తక్కువే పూశా. ఇది మాత్రం పోస్టులో వేయకుండా, బస్సులో పంపే బేనిషా మామిడి గంప అడుగున గడ్డిలో దాచా. కాయలు నీ తోటవేనని పంచు. ఉత్తరం చించెయ్.

ఇట్లు, వదినను గెలిచిన ఓబులేసు

తా.క.: తమ్ముడు కాదు.

(అదే కాగితం కింద, వేరే చేతిరాతలో)

ఓబులేసు బావకూ, కోడలికీ సరస్వతమ్మ రాయడం.

బస్సు కాడ గంప దించుకున్నదీ నేనే, గడ్డి తీసిందీ నేనే. తోట పట్టిన మనిషి ఒక్కనాడన్నా తోట ముఖం చూడకుండా ఉంటాదా బావా? నీ మొదటి ఉత్తరానికే అనుమానమొచ్చి శ్రీజను అడిగితే, టీవీలో ఆ కథ పెట్టిచ్చింది. కోడలు ఆఫీసుకు పోయినాక చూస్తానే ఉన్నా. అంత బాగుండే కథ కోడలు చారు కలుపుతా చూడడం నాకే నచ్చలా. అందుకే గరిటె తీసుకున్నా. ఆ గంట దానిదే, ఇంక తాళం మాట లేదు. మరి ఆదివారం బెదిరింపు ఎందుకంటావా? బేనిషా తిని రెండేండ్లాయె. బెదిరిస్తే గాని నువ్వు పంపేటట్టు లేవు.

తా.క.: కావ్యా, నేను ఆఖరిదాకా చూసేసినా. తోటా గీటా ఏమీ లేదని లింగమ్మకు చెప్పినావంటే, దివాన్ను చంపిందెవరో నీకు చెప్పేస్తా.