ట్రాక్టర్ లెక్కనే అనుకున్న

శ్రవణ్, లేవంగనే కారు తియ్యకు. జాకీ మీదున్నది. వంగిన ముందు రిమ్ము విప్పి ఆటోల ఏసుకొని సుచిత్ర చౌరస్తల రిమ్ములు సరిజేసే షాపుకు పోతున్న. సరిజేపిచ్చుకొని మధ్యాహ్నం వరకు వస్త.

మిగిలిన మూడు టైర్లకు డిక్కీల ఉన్న పంపుతోని గాలి కొట్టు. బండి నడవకముందు, టైర్లు సల్లగున్నప్పుడే చూడాలె. ముందు టైరుకు ముప్పై రెండు, ఎనక వాటికి ముప్పై ఐదు. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన రాసున్నది, అద్దాలు పెట్టుకొని చదివిన. గీ పని మొన్ననే జేయాల్సింది.

నిన్న శామీర్‌పేట గుంతల పడి రిమ్ము వంగంగనే, గాలి కొట్టే నగేష్‌ను పోయి, తక్కువ కొట్టినవని అందరి ముంగట తిట్టినవ్. ఆయన తప్పేం లేదు. మొన్న సాయంత్రం నాలుగు టైర్లల్ల గాలి తీసింది నేనే. నీ కార్ల అల్వాల్ పోయొచ్చినంక మీ అమ్మ నడుము పట్టుకొని కూసున్నది. పొలంల దింపేటప్పుడు ట్రాక్టర్‌కు తగ్గిచ్చినట్టు తగ్గిస్తే కుదుపు తక్కువైతదనుకున్న. నీ టైరు చూస్తే రెండు వేళ్ల మందం లేదు. గాలి లేకుంటే దెబ్బంత రిమ్ముకే తాకుతదని నాకేం ఎర్క? గీ గుంతల రోడ్లకు గసొంటి కారేందని అప్పుడే అన్న, ఇనలే.

నువ్వు తిడుతుంటే పక్కనే నిలబడ్డ. ఇప్పుడు పోతపోత నగేష్ కాడ ఆగి చెప్త. సాయంత్రం నువ్వు గూడ పోయి మాట్లాడు.

బాపు

గీ చీటీ మీ అమ్మకు చూపియ్యకు. తన నడుము కోసం జేసిన్నని తెలిస్తే, ఇగ నీ కారెక్కమంటే ఎక్కది, బస్సుకే పోతనంటది.