నాన్న చొక్కా బొత్తాలు

తమ్ముడూ, నీకూ మరదలికీ పిల్లలకూ దేవుడు తోడుండాలి. నాన్న క్షేమమే, కార్డు చూసి కంగారు పడకు.

కాలూ చెయ్యీ ఆడని పెద్దవాళ్లకు సర్కారు ఇచ్చే సాయం నాన్నకు రాదట. మొన్న ఆఫీసు నుంచి ఒకాయన చూడటానికి వచ్చాడు. "చొక్కా బొత్తాలు మీరే పెట్టుకుంటారా పెద్దాయనా?" అని అడిగాడు. దర్జీగా బతికిన మనిషి కదా, నాన్నకు పౌరుషం వచ్చింది. "ఊరందరి చొక్కాలకీ బొత్తాలు కుట్టినవాణ్ణి, నన్నా బాబూ అడుగుతున్నావు?" అన్నాడు. ఆయన నవ్వేసి, సాయం అక్కర్లేదని రాసుకున్నాడు. కుడి చెయ్యి పడిపోయిందనీ, పొద్దున ఆ బొత్తాలు పెట్టింది నేనేననీ చెప్పాను.

"భలేవారే, కడిగిన ముత్యంలా ఉన్నారుగా!" అన్నాడు.

"ముత్యం తనను తాను కడుక్కోదు నాయనా," అన్నాను. వింటేనా!

మళ్లీ చూడమని అర్జీ పెట్టాను. సోమవారం వస్తారు. అందాకా స్నానం, గడ్డం గీయడం మానిపించమని పక్కింటావిడ సలహా. ఆ పాపం నేను చెయ్యను. శుభ్రంగా చూసుకోవడమే తప్పయితే ఇక ఎవరితో చెప్పుకోను? ఆ సాయం వస్తే నాన్నను లేపడానికి ఒక మనిషిని పెట్టుకోవచ్చు. ఒక్కదాన్నే ఎత్తలేకపోతున్నాను.

మరదలి మోకాలి నొప్పి తగ్గిందా? పక్కమీద పరిచే రబ్బరు గుడ్డ ఒకటి తీసుకురా. ఆదివారం సాయంత్రానికే రావాలి. తెల్లారాక నాన్నను లేపేదీ, స్నానం చేయించేదీ, తయారు చేసేదీ నువ్వే. ఆ తర్వాత ఆఫీసు నుంచి వచ్చే పెద్దమనిషితో నువ్వే మాట్లాడు. నేను పక్కగదిలో ప్రార్థన చేసుకుంటాను.

ఆశీస్సులతో,
అక్కయ్య